ఆఖరి బండి డ్రైవరు

ఆగస్టు 3

తమ్ముడికి అక్క దీవెనలు.

మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మరదలి నడుంనొప్పి తగ్గిందా? తగ్గకపోతే ఇంటిపని కాస్త నిన్ను చెయ్యమన్నానని చెప్పు. ఇక్కడ నా కుట్టుమిషనుకి ఊపిరి సలపడం లేదు. స్కూళ్ళు తెరిచి ఇన్నాళ్ళయినా యూనిఫాంలు పొడుగు చెయ్యమని తెస్తూనే ఉన్నారు. పిల్లలు ఎదుగుతారన్న సంగతి తల్లులకి ఏటా కొత్తగా తెలుస్తుంది కాబోలు.

అసలు సంగతికి వస్తాను. నిన్న మాజీ సైనికుల సంఘం ప్రెసిడెంటు గారు మనింటికొచ్చారు. అదేరా, దుప్పట్ల దొర. సర్వీసంతా సైన్యం గిడ్డంగిలో దుప్పట్లు లెక్కపెట్టి, రిటైరయ్యాక మీసాలు పెంచిన ఆయన. నాన్న పోయి ఏడాది కావస్తోంది కదా, మన సందుకి నాన్న పేరు పెడతారట. సందు మొదట్లో రాతిపలక పాతి, దాని మీద నాన్న యుద్ధంలో చేసిన ఘనకార్యం చెక్కిస్తారట. పెద్ద ఆఫీసరొకాయన వచ్చి తెర తీస్తారట. ఆ తెర నేనే కుట్టాలట.

నేను అక్కడే, ఆయన ఎదురుగానే ఏడ్చేశాను. బతికుండగా నాన్నని ఎవరైనా ఒక్క మాట మెచ్చుకోగా విన్నావా నువ్వు? నేను వినలేదు. ఆయన కూడా వినలేదు. అందుకే ఈ రాయి పడాలిరా. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

అయితే ప్రెసిడెంటు గారు, "మీ నాన్న యుద్ధంలో ఏం చేశాడమ్మా?" అని అడిగితే నాన్న చెప్పిన మాటే చెప్పాను. మనకేం తెలుసు? లారీ నడిపాడని తెలుసు. ఎప్పుడు అడిగినా, "చలి బాగా ఉండేది, టీ బాగా ఉండేది కాదు" అనేవాడు. మీ బావ పక్కనుంచి, "అదే చెక్కించండి, బాగుంది" అన్నారు. మీ బావకి ఎవరేమన్నా బాగానే ఉంటుంది.

నువ్వు చదువుకున్నవాడివి, తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరువి, కిలోకి గ్రాము తగ్గితే ఊరుకోనివాడివి. నాన్న గురించి నాలుగు ముక్కలు రాసి పంపు. మొదటి ముక్క ప్రెసిడెంటు గారు ఇప్పటికే అనుకున్నారు: "అందరికన్నా ముందు నిలిచిన వీరుడు" అని. బాగుంది కదూ?

ఫోన్ చెయ్యకు. ఫోన్లో నువ్వు "ఊఁ" తప్ప ఇంకో మాట అనవు. రాస్తే నీకు మాటలొస్తాయి.

నీ అక్క

*

ఆగస్టు 11

అక్కా,

ఉత్తరం అందింది. ఆఫీసులో చదువుతూ రెండుసార్లు ముక్కు చీదాను. పక్క టేబులు గుమాస్తా "ఏమైందండీ?" అంటే "జలుబు" అన్నాను. ఆయన మధ్యాహ్నానికి కషాయం తెచ్చిచ్చాడు. లేని జలుబుకి చేదు మందు తాగాను.

రాయి పడాలి. నాకూ అంతే కోరిక. కానీ "ముందు నిలిచిన" అన్న ముక్క ఆయనకెవరు చెప్పారు? నువ్వా? నాన్న ఎప్పుడు ముందు నిలబడ్డాడే? బస్సు ఎక్కడానికైనా అందరూ ఎక్కేదాకా ఆగి, ఆఖరికి బస్సు వెళ్ళిపోతే నడిచొచ్చిన మనిషి ఆయన.

నాకు తెలిసినంతవరకు నిజం రాస్తున్నాను, ఇది ఆయనకి చదివి వినిపించు.

"ఈయన సైన్యంలో, వరసగా వెళ్ళే లారీల్లో ఆఖరి లారీ నడిపారు. ముందు వెళ్ళేవాటిలో ఏది చెడిపోయినా దానికి తాడు కట్టి లాక్కొచ్చే లారీ అది. కాబట్టి అందరూ కదిలాకే ఈయన కదలాలి, అందరూ చేరాకే ఈయన చేరాలి. ఆ అలవాటు ఇంటికొచ్చాక కూడా పోలేదు. ఇంట్లో అందరూ తిన్నాకే తిన్నారు. పెళ్ళిళ్ళలో హాలువాళ్ళు తాళం వేసేటప్పుడు ఈయన్నే పిలిచి 'ఇంకెవరైనా ఉన్నారా' అని అడిగేవారు. తర్వాత స్కూలు బస్సు నడిపారు. ఆఖరి పిల్ల కూడా ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకునేదాకా బండి కదిలేది కాదు. దారిలో దేన్నీ దాటిపోలేదు. ఒకసారి పాలవాడి సైకిలు వెనకాలే ఊరంతా నెమ్మదిగా నడిపి, పాలవాడికి తనని ఎవరో వెంటాడుతున్నారన్న భయం పుట్టించారు. బండిని ఎన్నడూ వెనక్కి నడపలేదు. ఈయన రివర్సు చెయ్యనంటే చెయ్యనని మొండికేస్తే స్కూలువాళ్ళు వెనకగోడ పగలగొట్టించి రెండో గేటు పెట్టించారు."

ఇదీ నాన్న. ఇది చదివి సందులో ఎవరైనా నవ్వితే నవ్వనీ, ఆయనకి కోపం రాదు.

తెర ముదురు రంగు గుడ్డతో కుట్టు, ఎండకి వెలిసిపోదు.

తమ్ముడు

*

ఆగస్టు 19

తమ్ముడికి,

నువ్వు రాసింది ప్రెసిడెంటు గారికి చదివి వినిపించాను. "ఆఖరి లారీ" అన్నచోట ఆయన మొహం ఆముదం తాగినట్టు అయింది. పాలవాడి దగ్గరికొచ్చేసరికి మీసం సవరించుకోవడం ఆపేసి, "మీ తమ్ముడికి తండ్రి అంటే గౌరవం లేదామ్మా?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

సంఘం మీటింగు పెట్టి నీ రాతని సవరించారు. "లారీ నడిపారు" అన్నది "రణరంగంలో రథసారథి" అయింది. "స్కూలు బస్సు" అన్నది "భావితరాలను గమ్యం చేర్చిన మహనీయుడు" అయింది. "ఆఖరి" అన్న మాట ఎక్కడున్నా తీసేశారు. రివర్సు సంగతి మాత్రం ఆయనకి బాగా నచ్చి, "వెనుకంజ ఎరుగని ధీరుడు" అని రాసుకున్నారు. ఇన్ని మాటలు పెట్టినా, ఇంతకీ ఆయన చేసిన ఘనకార్యం ఏదీ అంటున్నారు. ఒక్కటైనా కావాలట. లేకపోతే పెద్దాఫీసరు ఎందుకొస్తాడు అంటున్నారు.

రాయి దొరికింది. నీళ్ళ ట్యాంకు ప్రారంభించినప్పటి పలక. వెనకవైపు ఖాళీగా ఉంది, దాన్నే తిప్పి పాతుతారు. మేస్త్రి ఉలి పట్టుకుని మా అరుగు మీదే కూర్చున్నాడు, రోజూ టీ తాగి వెళుతున్నాడు.

తమ్ముడూ, ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నాన్న డ్రైవరని నీకు నామోషీగా ఉందా? లేకపోతే పాలవాడి సైకిలు సంగతి రాతి మీద చెక్కమని ఏ కొడుకైనా రాస్తాడా? ఆయన్ని చూసి నలుగురూ నవ్వితే నాకు మాత్రం కోపం వస్తుంది. ఇన్నాళ్ళూ నవ్వారు, చాలు.

ఒక్క ఘనకార్యం రాసి పంపు. ఆలోచించు. ఏదో ఒకటి ఉండకపోదు.

అక్క

*

ఆగస్టు 26

అక్కా,

నామోషీయా? నాకా? జేబులో నాన్న ఫొటో పెట్టుకుని తిరిగేవాణ్ణి పట్టుకుని అడిగే మాటేనా అది?

ఆ దుప్పట్ల దొరకి ఘనకార్యమే కావాలా? సరే, రాసుకోమను. "ఒక నాడు నది మీద వంతెన కూలిపోతే, ఈయన నీళ్ళలోకి దూకి దాన్ని ఒంటి భుజం మీద ఎత్తిపట్టారు. పటాలమంతా, లారీలతో సహా, ఈయన భుజం మీదుగా నడిచి అవతలి ఒడ్డు చేరింది." ఇది చాలదంటే, ఆ లారీల్లో ఒకదాన్నిండా దుప్పట్లున్నాయని కూడా చేర్చమను, ఆయన కడుపు నిండుతుంది.

నేను రోజూ చూసేది ఇదే అక్కా. త్రాసు కింద మైనం ముద్ద అంటించి తూకం ఎక్కువ చూపించేవాణ్ణి పట్టుకుంటాను. వాడు "అందరూ చేసేదేగా సార్" అంటాడు. మీ సంఘం నాన్నకి మైనం అంటిస్తోంది.

నీ మరదలు నమస్కారాలు చెప్పమంది. నడుంనొప్పి అలాగే ఉంది. నువ్వు చెప్పావని వంటింట్లోకి వెళితే ఆవిడే నన్ను బయటికి పంపేసింది.

తమ్ముడు

*

సెప్టెంబరు 4

నా బంగారు తమ్ముడికి,

ఎంత మాటన్నాను నిన్ను! క్షమించరా.

నీ ఉత్తరం వచ్చేసరికి నేను తెరకి కొలతలు తీసుకుంటున్నాను. ప్రెసిడెంటు గారు అరుగు మీదే ఉన్నారు, మీ బావ విప్పి ఆయన చేతికిచ్చారు. మొదటి పేరా వదిలేసి వంతెన దగ్గర మొదలుపెట్టారు. చదువుతూ చదువుతూ కళ్ళు తుడుచుకున్నారు. "ఇంత మనిషిని పక్కింట్లో పెట్టుకుని పాలవాడి వెనక తిరిగేవాడు అనుకున్నామే!" అన్నారు. దుప్పట్ల లారీ మాట వినగానే లేచి నిలబడ్డారు. "ఆ దుప్పట్లు పంపింది నేనే అయ్యుంటాను" అన్నారు. మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టి అప్పుడే ఉలి తీశాడు. నిన్న సాయంత్రానికి వంతెన మొత్తం చెక్కేశాడు. నాన్న పేరు పెద్ద అక్షరాల్లో ఆఖర్న చెక్కుదామని పైన జాగా వదిలాడు.

మైనం సంగతి నాకు అర్థం కాలేదు. ప్రెసిడెంటు గారు అది ఆఫీసు విషయం అయ్యుంటుందన్నారు.

తమ్ముడూ, సంతోషంతో పాటు ఒక ముల్లు కూడా గుచ్చుకుంది, నీ దగ్గర దాచను. ఇంత సంగతి నాన్న నీకు చెప్పి నాకెందుకు చెప్పలేదు? ఆడపిల్లకి యుద్ధం కబుర్లెందుకు అనుకున్నాడా? ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చున్నది నేను. నెమ్మదిగా ఎన్నో మాట్లాడుకున్నాం. వంతెన మాట ఒక్కసారైనా ఎత్తలేదు. కొడుకు కొడుకే, కూతురు కూతురే అనుకున్నాను. పోనీలే. ఎవరికి చెప్పినా ఆయన చెప్పిందేగా.

తెర తీసేది అక్టోబరు మొదటి ఆదివారం. మీరిద్దరూ రావాలి.

అక్క

*

సెప్టెంబరు 10

అక్కా,

కొంప ముంచావు. అది వెటకారమే తల్లీ! వంతెనని మనిషి భుజం మీద మొయ్యడం ఏమిటి? లారీలు మోకాలి మీదుగా ఎక్కి మెడ మీదుగా దిగాయా? మీ ముగ్గురిలో ఒక్కరికైనా అనుమానం రాలేదా? బావకి రాదు, అది నాకు తెలుసు.

నాన్న నాకేమీ చెప్పలేదు. నీకు చెప్పనిది నాకు చెప్పలేదు. నీ ముల్లు తీసేసుకో.

పేరు చెక్కనివ్వకు. నేను సెలవు పెట్టి స్పానరు బాబాయి దగ్గరికి వెళుతున్నాను. చిన్నప్పుడు మనింటికొచ్చి నా సైకిలు విప్పి పడేసి, మళ్ళీ బిగించి ఒక నట్టు మిగిల్చేవాడే, నాన్న లారీలో మెకానిక్కు, ఆయన. నిజంగా ఏం జరిగిందో చెప్పగలిగినవాడు భూమ్మీద ఆయనొక్కడే మిగిలాడు.

తమ్ముడు

*

సెప్టెంబరు 15

తమ్ముడికి,

వెటకారమా? అక్కతోనా? అదీ నాన్న మీదా?

నేను ఆ ముక్కని కాగితం మీద ఎత్తి రాసుకుని మిషను మీద అంటించుకున్నాను. యూనిఫాంల కోసం వచ్చిన ప్రతి తల్లికీ చదివి వినిపించాను. వాళ్ళు పిల్లలకి చెప్పారు. ఇప్పుడు సందులో పిల్లలంతా ఒకడు వంగుంటే మిగతావాళ్ళు వాడి మీదుగా నడిచే ఆట ఆడుతున్నారు. నేనేం మొహం పెట్టుకుని కాదని చెప్పను? మింగలేను, కక్కలేను.

నువ్వు రాకపోయినా పరవాలేదు. రాయి పడుతుంది. అబద్ధమైతే అబద్ధం. నిజం చెబితే నవ్వారు, అబద్ధం చెబితే దండం పెడుతున్నారు. నేను దండమే తీసుకుంటాను.

అక్క

*

సెప్టెంబరు 20

అక్కా,

కోపంలో ఉన్నావని తెలుసు. కోపంగానే చదువు, కానీ ఆఖరిదాకా చదువు.

స్పానరు బాబాయి కొండ కింద ఒక చిన్న ఊళ్ళో నీళ్ళ మోటార్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. కళ్ళు బాగా మందగించాయి. మోటారుని వేళ్ళతో తడిమి ఏం చెడిందో చెబుతున్నాడు. నా మొహం కూడా అలాగే తడిమి, "మీ నాన్న ముక్కే" అన్నాడు. నాన్న పోయిన సంగతి ఆయనకి తెలియదు. చెప్పాను. బిగించిన మోటారు మూతని మళ్ళీ విప్పాడు.

వంతెన సంగతి చెబితే పగలబడి నవ్వాడు. "వంతెన కాదురా, మేం దాటనేలేదు. వెనక్కొచ్చాం" అన్నాడు. తర్వాత చెప్పినదంతా ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"కొండదారి. ఒకపక్క బండ, ఇంకోపక్క లోయ. లారీ వెడల్పు ఎంతో దారీ అంతే. ముందు లారీ దగ్గర రోడ్డు పేల్చేశారు. పైనుంచి గుళ్ళు పడుతున్నాయి. వెనక్కి పొమ్మని కబురొచ్చింది. ఎలా పోతాం? తిప్పడానికి జాగా లేదు. అన్ని లారీలూ రివర్సులోనే దిగాలి. అప్పుడు ఆఖరి లారీ ఏదవుతుంది? మొదటిదవుతుంది. అది మీ నాన్నది. ఆయన ఆగితే అందరూ ఆగినట్టే. ఆయన లోయలో పడితే వెనకాల అందరూ పడినట్టే.

"నేను దిగి, బనీను విప్పి కర్రకి కట్టి, లారీ వెనకాల నడుస్తూ అంచు ఎక్కడుందో చూపించాను. మీ నాన్న తల కిటికీలోంచి బయటపెట్టి, మెడ వెనక్కి తిప్పి, తెల్లారిన దగ్గర్నుంచి ఎండ నడినెత్తికొచ్చేదాకా అలాగే నడిపాడు. మధ్యలో ఒక లారీ చక్రం అంచు దాటి వేలాడింది. లోపల కుర్రాళ్ళు ఏడుస్తున్నారు. మీ నాన్న లారీ ఆపి, తాడు భుజాన వేసుకుని మిగతా లారీల కిందుగా పాక్కుంటూ పైకెళ్ళి, దానికి తాడు కట్టి, అవతలి లారీతో లాగించి, మళ్ళీ పాక్కుంటూ దిగొచ్చి స్టీరింగు పట్టుకున్నాడు. చదునునేల రాగానే ఏం చేశాడో తెలుసా? లారీ పక్కకి తీసి, అందర్నీ పోనిచ్చి, మళ్ళీ ఆఖర్నే క్యాంపుకొచ్చాడు.

"అక్కడ మిగతా పటాలాలవాళ్ళు నవ్వారు. 'పారిపోవడంలో మొదటి లారీ మీదేనటగా' అన్నారు. కాగితాల్లో కూడా అలాగే రాశారు, వెనక్కి కదిలిన మొదటి లారీ అని. నేను కొట్లాటకి వెళ్ళబోతే మీ నాన్న ఆపాడు. 'నిజమే కదా, మనమే మొదట కదిలాం' అన్నాడు. ఆ తర్వాత రివర్సు గేరు వెయ్యలేదు. వెయ్యాల్సివస్తే స్టీరింగు నాకిచ్చి దిగిపోయేవాడు."

అక్కా, ఆ మెడ. కుడివైపు తిరగని మెడ. నువ్వు కుట్టిన చొక్కా కాలరు ఎప్పుడూ ఒకపక్కే నలిగేది. నిద్రలో పట్టేసిందనేవాడు, మనం నూనె రాసేవాళ్ళం.

మనం రెండో గేటు సంగతి చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం కదా. ఆయనా మనతో నవ్వేవాడు. నాకు ఇప్పుడు నవ్వు రావడం లేదు. బాబాయి షెడ్డు బయటికొచ్చి రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. జలుబని చెప్పలేదు ఎవరికీ.

ఇది చెక్కించు. వెనక్కొచ్చాడని చెక్కించు. ఇంతకన్నా గొప్ప ముక్క ఏ రాతి మీదా నేను చదవలేదు. నీ మరదలి నడుం పూర్తిగా పట్టేసింది, డాక్టరు మంచం దిగొద్దన్నాడు. రావడం కుదిరేలా లేదు. నా బదులు కూడా నువ్వే నిలబడు.

తమ్ముడు

*

అక్టోబరు 8

తమ్ముడికి,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని ఇంకా కోపంగా ఉన్నాననుకోకు. నీ ఉత్తరం చదివిన పూట మిషను తొక్కలేకపోయాను. ఆ మెడకి నూనె రాసిన చేతులివి. మరదల్ని కదలనివ్వకు. వంటింట్లోంచి తరిమితే తలుపు పట్టుకుని నిలబడు.

తర్వాత ఏం జరిగిందో వరసగా చెబుతాను విను.

మర్నాడు మీ బావతో కలిసి ప్రెసిడెంటు గారింటికెళ్ళి మొత్తం చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. విని, "తప్పు అమ్మాయ్. తిరోగమనం రాతి మీదికి ఎక్కకూడదు. సైన్యంలో వెనక్కి అన్న మాటే లేదు" అన్నారు.

"మరి లారీకి రివర్సు గేరు ఎందుకు పెట్టారండీ?" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, అది కంపెనీవాళ్ళ పొరపాటన్నారు. "వంతెన చెక్కడం అయిపోయింది. అదే ఉంచుదాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"మా తమ్ముడికి తెలుస్తుందండీ. వాడు తూనికల ఇన్‌స్పెక్టరు" అన్నాను. మీ బావ "నిజమే" అన్నారు. ఆయన నిజమే అన్నందుకు పెళ్ళయ్యాక మొదటిసారి నాకు సంతోషమేసింది.

అయితే నాన్న పేరు వద్దన్నాను. రాయి పడకపోతే పడకపోయింది. అందర్నీ మోసుకొచ్చిన మనిషిని పట్టుకుని మొయ్యని వంతెన కింద నిలబెట్టడం నాకు నచ్చలేదు. ఇంటికొచ్చి, మిషను మీద అంటించిన కాగితం చింపేసి, వచ్చిన ప్రతి తల్లికీ మళ్ళీ మొదటినుంచి చెప్పుకొచ్చాను. ఒకావిడ "వంతెనే బాగుంది" అంది. ఆవిడ పిల్లాడి నిక్కరు రెండు వేళ్ళు బిగుతుగా కుట్టాను.

ఇక నవ్వుకో. చెక్కిన రాయి పారేస్తారా? సంఘం మీటింగు పెట్టి, అందరూ ఒక్కమాటగా ఒత్తిడి చేస్తే, కాదనలేక, ప్రెసిడెంటు గారు తన పేరే చెక్కించుకున్నారు! దుప్పట్ల దొర నదిలోకి దూకి వంతెన మోశాడు. మన సందు ఇప్పుడు ఆయన సందు. నేను కొలత తీసుకున్న తెర నేనే కుట్టిచ్చాను, ముదురు రంగుదే.

ఆదివారం పొద్దున అందరితో పాటు నేనూ వెళ్ళాను. పెద్దాఫీసరు వచ్చి తెర తీసి, పైనుంచి కిందిదాకా చదివారు. మళ్ళీ ఒకసారి చదివారు. ఆయన సర్వీసంతా వంతెనలు కట్టే పటాలంలోనే చేశారట. "ఏ వంతెనండీ ఇది? ఏ భుజం?" అని అడిగారు. ప్రెసిడెంటు గారు ముందు కుడి భుజం చూపించారు, తర్వాత ఎడమది. ఇంకేం అడుగుతారో అన్న భయంతో చుట్టూ చూసి, నేను కనబడగానే, "ఈ అమ్మాయి తండ్రి కూడా మనవాడే సార్, రా అమ్మా, రా" అని మైకు దగ్గరికి లాగారు.

ఆఫీసరు నా వైపు తిరిగారు. "మీ నాన్నగారేం చేశారమ్మా?" అన్నారు.

నాకు నీ ఉత్తరమంతా కంఠతా వచ్చు. ఒక్క ముక్క గుర్తు రాలేదు. మైకు రెండు చేతులా పట్టుకున్నాను. మైకు కుయ్యిమంది.

"వెనక్కొచ్చారండీ" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రెసిడెంటు గారు నా చేతిలో మైకు తీసుకోబోయారు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చారు. "ఎక్కణ్ణుంచమ్మా?" అన్నారు. కొండదారి అన్నాను, తిప్పుకోవడానికి జాగా లేదన్నాను, ఆఖరి లారీ ఆయనదన్నాను. ఆయన మొహం మారిపోయింది. నేను చెప్పని మిగతాదంతా ఆయనకి అర్థమైనట్టుంది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. చాలా నెమ్మదిగా, మైకులో వినబడకూడదన్నట్టు అడిగారు, కానీ వినబడింది.

"ఎవరైనా అక్కడే మిగిలిపోయారామ్మా?"

అప్పుడు మైకు నోటి దగ్గరికి తీసుకున్నాను తమ్ముడూ. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అక్కడున్నవాళ్ళలో సగంమంది చిన్నప్పుడు నాన్న బస్సులో ఇళ్ళకి చేర్చినవాళ్ళే. వాళ్ళందరి వైపు చూస్తూ చెప్పాను.

"ఎవరైనా మిగిలుంటే మా నాన్న వచ్చేవారు కాదండీ."

నీ అక్క